హిమోగ్లోబిన్ పట్టూ విడుపూ: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బయోకెమిస్ట్రీ చెప్తాను. క్లాసులో హిమోగ్లోబిన్ పాఠం రెండు గంటల్లో అయిపోతుంది, దాని మీద ప్రశ్నలు మాత్రం ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. పిల్లలు పరీక్ష ముందు రోజు అడుగుతారు. చుట్టాలు షుగర్ రిపోర్టు చేతిలో పెట్టి అడుగుతారు. ఒకాయన గ్యాస్ గీజర్ కొనబోతూ అడిగాడు. చూస్తే అందరి ప్రశ్నా ఒకటే: ఎర్రకణాల్లో ఉండి ఆక్సిజన్ మోసే ప్రోటీన్ అయిన హిమోగ్లోబిన్‌కి ఏదో అంటుకుంది, లేదా దానిలో ఏదో మారింది, ఇప్పుడు ఆక్సిజన్ సంగతేంటి? అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఇది చదివి ఎవరూ మందులు మార్చుకోవద్దు, అది మీ డాక్టరు గారి పని.

రసాయన మార్పు అంటే ఏమిటి? సికిల్ సెల్ లాంటిదేనా?

కాదు. సికిల్ సెల్‌లో తప్పు జన్యువులో ఉంటుంది, హిమోగ్లోబిన్ ఎముక మజ్జలో పుట్టడమే తేడాగా పుడుతుంది. ఇక్కడ మాట్లాడేది సరిగ్గానే తయారై, ఎర్రకణంలో కూర్చుని, రక్తంలోకి వచ్చాక దానికి జరిగే సంగతుల గురించి. ఎర్రకణం సుమారు 120 రోజులు తిరుగుతుంది. ఆ నాలుగు నెలల్లో దానికి చక్కెర అంటుకోవచ్చు. యూరియా నుంచి పుట్టిన సయనేట్ అంటుకోవచ్చు. ఆక్సిజన్‌ని పట్టే భాగమైన హీమ్‌లో ఉన్న ఇనుము ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఫెర్రస్ నుంచి ఫెర్రిక్‌గా మారవచ్చు. కొన్నిసార్లు మనమే కావాలని మందుతోనో, ల్యాబ్‌లో రసాయనంతోనో మారుస్తాం.

అసలు మామూలు హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని ఎలా పడుతుంది, ఎలా వదులుతుంది?

ఇది కాస్త నెమ్మదిగా చదవండి. మిగతా జవాబులన్నీ దీని మీదే నిలబడ్డాయి.

హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులుంటాయి: రెండు ఆల్ఫా, రెండు బీటా. ఆల్ఫాలో 141 అమైనో ఆమ్లాలు, బీటాలో 146. ప్రతి గొలుసు ఒడిలో ఒక హీమ్, దాని నడుమ ఒక ఇనుము పరమాణువు. ఒక్కో ఇనుము ఒక్కో ఆక్సిజన్ అణువుని పడుతుంది. అంటే మొత్తం నాలుగు.

ఈ నాలుగూ ఎవరి పని వాళ్ళు చేసుకునే రకమైతే ఇంత కథ ఉండేది కాదు. ఆక్సిజన్ లేనప్పుడు గొలుసుల మధ్య ఉప్పు బంధాలు (ధన, రుణ విద్యుదావేశాల మధ్య ఆకర్షణలు) అణువుని బిగించి ఉంచుతాయి. దీన్ని టీ స్థితి అంటారు. మొదటి ఆక్సిజన్ ఇందులోకి కష్టపడి దూరాలి. దూరాక, హీమ్ పలక నుంచి కాస్త బయటికి ఉన్న ఇనుము లోపలికి జరుగుతుంది. ఆ జరిగేది ఒక ఆంగ్‌స్ట్రామ్ కూడా ఉండదు. అయినా తనని పట్టుకుని ఉన్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని, దాని వెనక ఉన్న మెలికని వెంట లాగుతుంది. ఉప్పు బంధాలు తెగుతాయి, అణువంతా వదులైన ఆర్ స్థితికి ఒరుగుతుంది. ఇక మిగతా ఆక్సిజన్లు సులువుగా ఎక్కుతాయి. దిగేటప్పుడూ అంతే, ఒకటి దిగితే తర్వాతవి దిగడం తేలిక. మాక్స్ పెరూట్జ్ 1937లో కేంబ్రిడ్జ్‌లో హిమోగ్లోబిన్ స్ఫటికాల మీద ఎక్స్‌రే పని మొదలుపెడితే, దాని ఆకారం కంటికి కనపడేసరికి 1959 అయింది. 1962లో జాన్ కెండ్రూతో కలిపి నోబెల్ ఇచ్చారు. ఒక్క అణువు మీద ఇరవై రెండేళ్ళు! మా పిల్లలు రెండు గంటల పాఠానికే విసుక్కుంటారు.

ఇప్పుడు అంకెలు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పీడనం సుమారు 100 మి.మీ. పాదరసం, అక్కడ హిమోగ్లోబిన్ 97 శాతం నిండుతుంది. విశ్రాంతిగా ఉన్న కణజాలం దగ్గర పీడనం 40, అక్కడ 75 శాతానికి దిగుతుంది. సగం నిండి సగం ఖాళీగా ఉండే పీడనాన్ని పీ50 అంటారు. మనిషి రక్తానికి అది సుమారు 27. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది కాబట్టి, 15 గ్రాములున్న 100 మిల్లీలీటర్ల రక్తం 20 మిల్లీలీటర్లు తీసుకెళ్ళి, అందులో 5 దించి, 15 వెనక్కి తెస్తుంది. ఆ 15 వృథా కాదు. పరిగెత్తే మనిషి కండరంలో పీడనం బాగా పడిపోయినప్పుడు దిగేది అదే.

గట్టిగా పట్టుకుంటే మంచిదే కదా?

అందరూ పొరపడేది ఇక్కడే. పాలబ్బాయి క్యాను నిండా పాలు పోసుకుని వీధి వీధీ తిరిగి, ఎవరి గిన్నెలోనూ చుక్క పోయకుండా క్యానుతో అలాగే డెయిరీకి వెళ్ళిపోయాడనుకోండి. క్యాను నిండుగా ఉందని మెచ్చుకుంటామా? హిమోగ్లోబిన్‌కి పట్టు ఎంత ముఖ్యమో విడుపూ అంతే ముఖ్యం.

పీడనాన్ని అడ్డంగా, నిండుదనాన్ని నిలువుగా గీసిన గ్రాఫు ఊహించుకోండి. పీ50 తగ్గితే పట్టు పెరిగినట్టు, గ్రాఫు ఎడమకి జరిగినట్టు. పీ50 పెరిగితే విడుపు పెరిగినట్టు, గ్రాఫు కుడికి జరిగినట్టు. పరీక్షలో సగం మంది ఇది తిరగేసి రాస్తారు. ఒక లెక్క చూడండి. పీ50 27 నుంచి 20కి పడిందనుకుందాం. ఊపిరితిత్తుల్లో నిండేది 97 నుంచి 98 చిల్లరకి పెరుగుతుంది, అంటే లాభం దాదాపు ఏమీ లేదు. కానీ 40 మి.మీ. దగ్గర నిండుదనం 75కి బదులు 87 దగ్గర ఆగిపోతుంది. దిగే ఆక్సిజన్ దాదాపు సగానికి పడిపోయినట్టే. వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సిమీటర్ మాత్రం 98 అని మనల్ని సంతోషపెడుతుంది.

గట్టి పట్టు అవసరమైన చోటు ఒకటుంది, తల్లి కడుపు. శిశువు హిమోగ్లోబిన్ పీ50 సుమారు 19 నుంచి 20. మాయ దగ్గర తల్లి రక్తం వదిలినదాన్ని అది అందుకోవాలి, కాబట్టి తల్లి కన్నా గట్టిగా పట్టాలి.

శరీరం తానే ఈ పట్టు విడుపులని మారుస్తుందా?

ప్రతి క్షణం మారుస్తుంది. కష్టపడే కండరంలో ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే హిమోగ్లోబిన్ తన పట్టు సడలిస్తుంది. 1904లో డెన్మార్క్‌లో క్రిస్టియన్ బోర్, తన సహచరులతో కలిసి దీన్ని చూపించాడు, అందుకే దీన్ని బోర్ ప్రభావం అంటారు. పరమాణు నమూనా ఇచ్చిన నీల్స్ బోర్‌కి ఈయన తండ్రి. కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం గొలుసుల మొదట్లో ఉన్న అమైనో సమూహానికి (నైట్రోజన్ ఉన్న కొసకి) నేరుగా అతుక్కుని కార్బమేట్ అవుతుంది. ఊపిరితిత్తుల్లో ఊడిపోతుంది. అంటే ఇది నిమిషం లోపే వచ్చిపోయే రసాయన మార్పు.

రెండోది 2,3-డీపీజీ, ఎర్రకణంలోనే తయారయ్యే ఒక చిన్న అణువు. కొత్త పుస్తకాల్లో బీపీజీ అని ఉంటుంది, రెండూ ఒకటే. ఇది అంటుకోదు, ఆనుకుంటుంది. రెండు బీటా గొలుసుల మధ్య ఉన్న సందులో, ధన విద్యుదావేశం ఉన్న వాలీన్, లైసిన్, హిస్టిడిన్‌ల మధ్య దూరి, టీ స్థితిని మేకు కొట్టినట్టు నిలబెడుతుంది. 1967లో రెయిన్‌హోల్డ్, రూత్ బెనెష్ దంపతులు, అదే ఏడాది వేరుగా చానుటిన్, కర్నిష్ దీన్ని బయటపెట్టారు. డీపీజీని పూర్తిగా కడిగేసిన హిమోగ్లోబిన్ పీ50 ఇరవైకి చాలా కింద ఉంటుంది, అంటే పట్టిందే పట్టు. కొండ ప్రాంతాలకి వెళ్ళిన కొద్ది రోజుల్లో డీపీజీ పెరగడం, శిశువు హిమోగ్లోబిన్‌లో ఒక హిస్టిడిన్‌కి బదులు సెరీన్ ఉండటం వల్ల డీపీజీ సరిగా ఆనకపోవడం, రెండూ ఈ కథలోవే.

బ్లడ్ బ్యాంక్‌లో నిల్వ ఉన్న రక్తం సంగతి?

నిల్వలో డీపీజీ తగ్గిపోతూ వస్తుంది, రెండు వారాలకి చాలా వరకు ఖాళీ అవుతుంది. అందుకని పాత ప్యాకెట్‌లోని రక్తం పట్టు ఎక్కువ, విడుపు తక్కువ. ఎక్కించాక కణాలు ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ తయారు చేసుకుంటాయి. మామూలు రోగికి దీని గురించి టెన్షన్ అక్కర్లేదు.

షుగర్ టెస్టులో హెచ్‌బీఏ1సీ అంటే హిమోగ్లోబిన్ పాడైపోయినట్టా?

పాడవడం కాదు, చక్కెర అంటిన హిమోగ్లోబిన్ ఎంత శాతం ఉందో చెప్పే లెక్క. బీటా గొలుసు మొదటి అమైనో ఆమ్లం వాలీన్. దాని అమైనో సమూహానికి గ్లూకోజ్ ముందు వదులుగా తగులుకుంటుంది. దీన్ని షిఫ్ బేస్ అంటారు, ఇది ఊడిపోగలదు. తర్వాత నెమ్మదిగా అమడోరి అమరికలోకి మారి స్థిరపడుతుంది, ఇక కణం చచ్చేదాకా ఊడదు. ఈ పనికి ఎంజైము అక్కర్లేదు. గ్లూకోజ్ ఎంత ఎక్కువ ఉంటే, ఎన్ని రోజులుంటే, అంత అంటుతుంది. అందుకే దీన్ని మూడు నెలల షుగర్ అంటారు. డయాబెటిస్ ఉన్నవాళ్ళ రక్తంలో ఈ అంశం ఎక్కువగా ఉందని 1960ల చివర్లో గమనించినవాడు ఇరాన్ శాస్త్రవేత్త శామ్యూల్ రహ్‌బర్. 6.5 శాతం, ఆపైన ఉంటే డయాబెటిస్ కిందే చూస్తారు. 7 శాతమంటే సగటు గ్లూకోజ్ సుమారు 154.

ఆక్సిజన్ మాటకొస్తే, చక్కెర కూర్చున్న ఆ వాలీన్ డీపీజీ ఆనుకునే చోటిదే. సీటు ఆక్రమణ అయింది కాబట్టి డీపీజీ సరిగా ఆనదు, పట్టు కాస్త పెరుగుతుంది. మార్పు చిన్నదే. షుగర్ ఉన్నవాళ్ళకి ఆయాసం వస్తే దీని మీద తోసేయకండి, గుండె చూపించుకోండి.

ఇంకో మాట. ఎర్రకణం 120 రోజులు బతుకుతుందన్న నమ్మకం మీద ఈ టెస్టు నడుస్తుంది. కణాలు త్వరగా చనిపోయే రక్తహీనత ఉన్నా, ఈ మధ్య రక్తం ఎక్కించినా అంకె తక్కువ చూపిస్తుంది. ఐరన్ లోపం ఉంటే ఎక్కువ చూపించవచ్చు. మన ఆడవాళ్ళలో ఐరన్ లోపం ఎంత మామూలో తెలిసిందే, కాబట్టి ఆ అంకె వింతగా అనిపిస్తే బ్లడ్ షుగర్ కూడా కలిపి చూడమని అడగండి.

అన్నీ ఆ మొదటి వాలీన్‌కే ఎందుకు అంటుకుంటాయి?

ఇది ఎవరైనా అడిగితే నాకు చాలా ఇష్టం. లైసిన్‌లు బోలెడున్నాయి, వాటికీ అమైనో సమూహాలే ఉన్నాయి. కానీ లైసిన్ అమైనో సమూహం పీకేఏ (అలాంటి సమూహాల్లో సగం తమ ప్రోటాన్‌ని వదిలేసే పీహెచ్) సుమారు 10.5, అంటే ఎర్రకణం లోపలి పీహెచ్ 7.2 దగ్గర అది దాదాపు ఎప్పుడూ ఒక ప్రోటాన్‌ని పెట్టుకునే ఉంటుంది. ప్రోటాన్ ఉన్న నైట్రోజన్ చేతులు ఖాళీ లేని మనిషి లాంటిది. గొలుసు మొదటి వాలీన్ పీకేఏ 7 నుంచి 8 మధ్య, కాబట్టి చాలాసార్లు దాని చేయి ఖాళీగానే దొరుకుతుంది. కార్బన్ డయాక్సైడ్ వచ్చినా, గ్లూకోజ్ వచ్చినా, సయనేట్ వచ్చినా, ఆల్డిహైడ్ ఉన్న మందు వచ్చినా ముందు తట్టేది ఆ తలుపే. సరిగ్గా అక్కడే డీపీజీ, బోర్ ప్రభావం కూడా కాపురముండటం వల్ల, ఎవరు వచ్చి కూర్చున్నా ఆక్సిజన్ లెక్క మారుతుంది.

సికిల్ సెల్‌కి హిమోగ్లోబిన్‌ని మార్చే మందులున్నాయని విన్నాం, నిజమేనా?

వచ్చాయి, వెళ్ళాయి. పాడేరు, అరకు ఏజెన్సీలోనూ ఆదిలాబాద్, భద్రాచలం వైపు గూడేల్లోనూ ఈ జబ్బు ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

1949లో లైనస్ పౌలింగ్ బృందం ఇది అణువుకి వచ్చిన జబ్బని చెప్పింది. తర్వాత వెర్నాన్ ఇంగ్రామ్ తేడా ఎక్కడుందో పట్టుకున్నాడు: బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సింది వాలీన్ ఉంది. దీనివల్ల ఆక్సిజన్ దిగిపోయిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని తాళ్ళలా పేనుకుంటాయి, కణం కొడవలిలా వంగిపోతుంది. ఆక్సిజన్ ఎక్కి ఉన్నంతసేపు పేనుకోవు.

మరి ఆక్సిజన్‌ని వదలకుండా చేస్తే? ఆలోచన అదే. 1970ల మొదట్లో సికిల్ సెల్‌కి యూరియా ఇచ్చి చూస్తున్నారు. రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఆంథొనీ సెరామి, జేమ్స్ మానింగ్ యూరియా కన్నా, అందులోంచి పుట్టే సయనేట్ చాలా తక్కువ మోతాదులోనే ఈ పని చేస్తుందని 1971లో చూపించారు. సయనేట్ మొదటి వాలీన్‌కి శాశ్వతంగా అంటుకుంటుంది, పట్టు పెరుగుతుంది, కణాలు ఎక్కువ రోజులు బతుకుతాయి. రోగులకిచ్చి చూస్తే నరాలు దెబ్బతిన్నాయి, కొందరికి కంట్లో శుక్లాలు వచ్చాయి. సయనేట్‌కి హిమోగ్లోబిన్ ఏదో నరంలో ఉన్న ప్రోటీన్ ఏదో తెలియదు మరి, ఖాళీ అమైనో సమూహం కనిపిస్తే చాలు. మందు ఆపేశారు.

ఇదే ఆలోచన ఇంకా పద్ధతిగా వోక్సెలోటర్ రూపంలో తిరిగొచ్చింది. ఇది ఆల్ఫా గొలుసు మొదటి వాలీన్‌కి షిఫ్ బేస్‌గా తగులుకుంటుంది, ఊడగలదు, ముఖ్యంగా హిమోగ్లోబిన్‌నే వెతుక్కుంటుంది. 2019 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ త్వరిత అనుమతి ఇచ్చింది. సగం మంది రోగుల్లో హిమోగ్లోబిన్ ఒక గ్రాముకి పైగా పెరిగింది. నొప్పుల దాడులు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. 2024 సెప్టెంబరులో తయారీదారు ఫైజర్ ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. నొప్పుల దాడులు, మరణాల లెక్కలు చూస్తే లాభం కన్నా ప్రమాదమే ఎక్కువ కనపడుతోందని కారణం చెప్పింది.

నా అభిప్రాయం అడిగితే, ఇందులో పాలబ్బాయి కథ ఉంది. రిపోర్టులో హిమోగ్లోబిన్ అంకె పెరగడం వేరు, కణజాలానికి ఆక్సిజన్ అందడం వేరు. పట్టు పెంచిన మందుకి అంకెని పెంచడం సులువు.

ఇక్కడ వాడే హైడ్రాక్సీయూరియా పనిచేసే దారి వేరు. అది హిమోగ్లోబిన్‌కి అంటుకోదు, శిశు హిమోగ్లోబిన్ తయారీని పెంచుతుంది. దానికీ ఈ గొడవకీ సంబంధం లేదు, వాడుతున్నవాళ్ళు ఆపకండి. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు ఉచితంగా చేస్తున్నారు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి కూడా సయనేట్ అంటుకుంటుందా?

అంటుకుంటుంది. రక్తంలో యూరియా పెరిగితే సయనేట్ కూడా కొద్దిగా పెరుగుతుంది, హిమోగ్లోబిన్ మీద దాని గుర్తు మిగులుతుంది. పాతకాలపు కొన్ని టెస్టు పద్ధతుల్లో ఇది హెచ్‌బీఏ1సీతో కలిసిపోయి షుగర్ ఎక్కువ చూపించేది.

గ్యాస్ గీజర్, కుంపటి ప్రమాదాల్లో జరిగేదేంటి?

కార్బన్ మోనాక్సైడ్. ఆక్సిజన్ కూర్చోవాల్సిన ఇనుము మీదే ఇది కూర్చుంటుంది, అదీ సుమారు 200 నుంచి 250 రెట్లు గట్టిగా. కిటికీ లేని బాత్రూంలో గ్యాస్ గీజర్, చలికి తలుపులు బిగించుకుని లోపల పెట్టుకున్న బొగ్గుల కుంపటి, రెండూ ఒకే రకంగా చంపుతాయి. వాసన ఉండదు, రంగు ఉండదు.

దెబ్బ రెండు వైపులా పడుతుంది. సీట్లు పోవడం ఒకటి. నాలుగులో ఒకటో రెండో సీట్లలో మోనాక్సైడ్ కూర్చుంటే అణువు ఆర్ స్థితిలోనే ఉండిపోతుంది, మిగతా సీట్లలో ఉన్న ఆక్సిజన్ కూడా దిగదు. అందుకే రక్తహీనతతో హిమోగ్లోబిన్ సగానికి పడిపోయినవాడు మెల్లగా నడిచి ఓపీకి వస్తాడు. సగం హిమోగ్లోబిన్‌ని మోనాక్సైడ్ ఆక్రమించినవాడు స్పృహలో ఉండడు. పల్స్ ఆక్సిమీటర్ 660, 940 నానోమీటర్ల రెండు కాంతులతో చూస్తుంది, ఈ హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కేసి బాగానే ఉందంటుంది. మామూలు గాలిలో ఉంచితే రక్తంలోంచి సగం పోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. ముందు మనిషిని బయటికి లాగాలి, ఆ తర్వాతే అంబులెన్సుకి ఫోను.

సిగరెట్ తాగేవాళ్ళకి హిమోగ్లోబిన్ ఎక్కువ ఉంటుందట, మంచిదేగా?

ఎక్కువే ఉంటుంది. అందులో కొంత మోనాక్సైడ్ కూర్చున్నదే, ఆ కొరత పూడ్చడానికి శరీరం ఎక్కువ తయారు చేస్తుంది. రక్తం చిక్కబడుతుంది. సంబరపడాల్సింది ఏమీ లేదు.

రక్తం చాక్లెట్ రంగులోకి మారడం ఏమిటి?

మెథెమోగ్లోబిన్. ఇనుము ఫెర్రిక్‌గా మారితే ఆక్సిజన్ దాని మీద కూర్చోదు, ఆ చోట నీటి అణువు చేరుతుంది. మనందరిలో రోజూ కొంత ఇలా మారుతూనే ఉంటుంది, కణంలోని సైటోక్రోమ్ బీ5 రిడక్టేజ్ అనే ఎంజైము మళ్ళీ ఫెర్రస్‌గా దిద్దుతూ ఒక శాతం దగ్గర ఉంచుతుంది. దిద్దే వేగం కన్నా మారే వేగం పెరిగితే పెదాలు, గోళ్ళు నీలంగా అవుతాయి. తీసిన రక్తం గాలి తగిలినా ఎర్రబడదు. మోనాక్సైడ్ లాగే ఇక్కడా రెండో దెబ్బ ఉంది, అదే అణువులో మిగిలిన మంచి ఇనుములు తమ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుంటాయి. ఆక్సిమీటర్ ఎంత తీవ్రంగా ఉన్నా 85 దగ్గర ఆగిపోతుంది, ఎంత ఆక్సిజన్ ఇచ్చినా కదలదు. క్యాజువాలిటీలో అనుభవమున్నవాళ్ళు దీన్ని చూసే పట్టేస్తారు.

కారణాలు? కుష్టుకి వాడే డాప్సోన్ మాత్రలు, చికిత్సలో ఆ చోటు మొద్దుబారడానికి వాడే బెంజోకెయిన్, ప్రిలోకెయిన్, నైట్రైట్‌లు, అనిలీన్ రంగులు. మన దగ్గర పొలాల్లో పూత బాగా రావడానికి కొట్టే మందుల్లో నైట్రోబెంజీన్ ఉంటుంది. అది లోపలికి వెళ్ళిన కేసులు దక్షిణాది ఆసుపత్రులకి కొత్త కాదు. మరీ ముఖ్యంగా, ఒకసారి తగ్గినట్టు కనిపించి ఒంట్లో కొవ్వులో దాగిన నైట్రోబెంజీన్ బయటికొచ్చి మళ్ళీ మొదలవ్వచ్చు, అందుకే తేరుకున్నాడు కదా అని రెండో రోజే డిశ్చార్జ్ అడగకండి. పాత నీళ్ళ సీసాల్లో ఈ మందులు పోసి ఇంట్లో పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం.

ఇంకొకటి బోరు నీళ్ళు. ఎరువుల వల్ల, మరుగుదొడ్ల గుంతల వల్ల నైట్రేట్ పెరిగిన నీళ్ళతో పాలపొడి కలిపితే పసిబిడ్డలకి ప్రమాదం. 1945లో అమెరికాలోని అయోవాలో హంటర్ కోమ్లీ అనే వైద్యుడు బావి నీళ్ళకీ నీలం బిడ్డలకీ ఉన్న ఈ సంబంధాన్ని రాశాడు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచితే నైట్రేట్ పోదు. నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

విరుగుడు మిథిలీన్ బ్లూ, కేజీకి 1 నుంచి 2 మిల్లీగ్రాములు సిరలోకి. నీలమైన మనిషికి నీలం మందు! ఎర్రకణాలని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉంటే మాత్రం ఇది పనిచేయదు సరికదా, ఎర్రకణాలు పగిలిపోవచ్చు.

చిత్రమేంటంటే, సయనైడ్ విషానికి వైద్యులు నైట్రైట్ ఇచ్చి కావాలనే కొంత మెథెమోగ్లోబిన్ తయారు చేస్తారు. ఫెర్రిక్ ఇనుమంటే సయనైడ్‌కి మహా ఇష్టం, కణజాలాన్ని వదిలి వచ్చి దీన్ని పట్టుకుంటుంది.

బీట్‌రూట్ తాగితే హిమోగ్లోబిన్ మారుతుందా?

ఎరుపు చూసి మోసపోకండి, అది బెటనిన్ రంగు. ఐరన్ ఉన్న తిండి హిమోగ్లోబిన్ ఎంత ఉందన్నది మార్చగలదు, ఎలా పట్టి వదులుతుందన్నది కాదు.

రక్తానికి బదులు హిమోగ్లోబిన్ ద్రవం ఎక్కించలేమా? గ్రూపు గొడవే ఉండదుగా?

ఈ ఆశకి డెబ్భై ఏళ్ళు దాటాయి. రసాయన మార్పుల్లో అసలైన పనితనం కూడా ఇక్కడే కనిపిస్తుంది.

కణం బయటికి తీసిన హిమోగ్లోబిన్‌కి మూడు రోగాలు. ఒకటి, నాలుగు గొలుసుల అణువు రెండు ముక్కలై కిడ్నీలోంచి జారిపోతూ దాన్ని పాడు చేస్తుంది. రెండు, డీపీజీ వెనక ఉండిపోతుంది కాబట్టి పట్టిన ఆక్సిజన్‌ని వదలదు. మూడు, రక్తనాళాలని సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ని మింగేస్తుంది, నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది.

మొదటి రెండిటికీ రసాయన శాస్త్రం చక్కగా మందు వేసింది. ఆస్పిరిన్ బంధువైన ఒక డయాస్పిరిన్ సమ్మేళనంతో రెండు ఆల్ఫా గొలుసుల 99వ లైసిన్‌లని కలిపి కుట్టేశారు. ముక్కలవడం ఆగింది, పీ50 కూడా రక్తం దగ్గరికి వచ్చింది. విటమిన్ బీ6 రూపమైన పిరిడాక్సల్ ఫాస్ఫేట్‌ని డీపీజీ ఆనుకునే చోట అంటించి, దాని పని దీనితో చేయించారు. గ్లుటరాల్డిహైడ్‌తో చాలా అణువులని గుత్తులుగా కట్టారు. ఆవు హిమోగ్లోబిన్‌కి డీపీజీతో పని లేదు, క్లోరైడ్ చాలు, కాబట్టి దాన్నీ వాడారు. పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) గొలుసులు తగిలించిన ఇంకో రకం పీ50 5, 6 దగ్గరే ఉండేది. చిన్న నాళాల్లో ఆక్సిజన్ ముందే దింపేయకుండా చివరిదాకా మోయాలన్నది వాళ్ళ వాదన.

మూడో రోగం దగ్గరే పడవ మునిగింది. బాక్స్‌టర్ కంపెనీ డయాస్పిరిన్ రకాన్ని గాయపడ్డవాళ్ళ మీద పరీక్షిస్తే, అది ఇచ్చిన 52 మందిలో 24 మంది, సెలైన్ ఇచ్చిన 46 మందిలో 8 మంది చనిపోయారు. 1998లో ఆపేశారు. 2008లో చార్లెస్ నటాన్సన్ బృందం ఇలాంటి ఉత్పత్తుల మీద జరిగిన 16 పరీక్షలని, 3,711 మంది రోగులని కలిపి లెక్కేస్తే, మరణాల ముప్పు 1.3 రెట్లు, గుండెపోటు ముప్పు 2.7 రెట్లు తేలింది. ఆవు హిమోగ్లోబిన్‌తో చేసిన ఒకదానికి 2001లో దక్షిణాఫ్రికా అనుమతి ఇచ్చింది. దాని తోబుట్టువుకి అమెరికాలో 1998లోనే అనుమతి దొరికింది, కాకపోతే కుక్కలకి.

పీ50 అంకె ఎంత చక్కగా దిద్దినా, ఎర్రకణం గోడ చేసే పనిని ఆ అంకె చేయలేకపోయింది. అందుకని రక్తదానం చేస్తూనే ఉండండి.

మా హిమోగ్లోబిన్ 14 అని వచ్చింది. అంటే ఆక్సిజన్ బాగా అందుతున్నట్టేనా?

చాలామందికి అవును. కానీ ఆ 14 ఎలా వచ్చిందో చూస్తే నవ్వొస్తుంది, ఎందుకంటే కొలవడానికి ముందు హిమోగ్లోబిన్‌ని చంపేస్తారు. పాత సాహ్లి పద్ధతిలో 20 మైక్రోలీటర్ల రక్తాన్ని పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి పది నిమిషాలు ఉంచి, గోధుమరంగు యాసిడ్ హెమటిన్‌గా మార్చి, పక్కనున్న గాజు రంగుతో పోలుస్తారు. మా తరం వాళ్ళు కళ్ళు చికిలించి చేసిన ప్రాక్టికల్ ఇదే. డ్రాబ్‌కిన్ ద్రావణంలో ఫెర్రిసయనైడ్ మొత్తాన్ని మెథెమోగ్లోబిన్ చేస్తుంది, సయనైడ్ దాన్ని పట్టుకుంటుంది, ఆ రంగుని 540 నానోమీటర్ల దగ్గర చదువుతారు.

అంటే రక్తంలో ముందే సగం మెథెమోగ్లోబిన్ ఉన్నా ఈ పద్ధతి తేడా చూడదు, అదే 14 చెప్తుంది. పనిచేసేది ఎంత, మోనాక్సైడ్ కూర్చున్నది ఎంత, చాక్లెట్ రంగుది ఎంత అని విడదీసి చెప్పాలంటే చాలా తరంగదైర్ఘ్యాల దగ్గర చూసే కో-ఆక్సిమీటర్ కావాలి. ఇది పెద్దాసుపత్రుల్లో బ్లడ్ గ్యాస్ మిషన్‌తో పాటే ఉంటుంది. గీజర్ కేసైనా, పురుగుమందుల కేసైనా తీసుకెళ్ళినప్పుడు ఏం జరిగిందో ముందే చెప్పి, ఆ టెస్టు ఉందా అని అడగండి.